సర్టిఫికెట్ నాది, షాపు మామది, ఫిట్స్ వచ్చింది పక్కింటి అత్త కొడుక్కి

ఈసారి ఉత్తరం మహారాష్ట్రల బల్లార్షా దిక్కునుంచి వచ్చింది. పేరు రాయొద్దు ఊరు రాయొద్దు అన్నడు కాబట్టి రాస్తలేను. వయసు ఇరవై తొమ్మిది. తాత కరీంనగర్ దిక్కునుంచి బొగ్గు ఖదాన్ల పనికని వచ్చి ఇక్కడ్నే నిలబడిపోయిండు, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల హిందీ. నాయన చిన్నప్పుడే పోతే మేనమామనే సాది, డీ ఫార్మా చదివించి, తన మెడికల్ షాపుల కూసోబెట్టుకున్నడు. గోడ మీద ఫ్రేం కట్టి ఉన్న ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఈ పిల్లగానిది, గల్లా మామది.

ట్రమడాల్ అనే నొప్పి గోలీలు మొదట్ల నడుం నొప్పోళ్ళకే ఇచ్చేటోళ్ళట. రైల్వే సైడింగ్ల లోడింగ్ చేసేటోళ్ళు, ట్రక్కు డ్రైవర్లు, ఒకసారి డాక్టర్ పర్చీ తెస్తే అదే పర్చీ మీద ఏడాది నడిచేది, తర్వాత పర్చీ అడుగుడే బంద్ అయింది. 2015 ఏప్రిల్ 1 నుంచి చంద్రపూర్ జిల్లాల దారు (మద్యం) బంద్ పెట్టినంక అడిగేటోళ్ళు ఎక్కువైండ్రని మామ చెప్తడట, 2021ల దారు మీద బంద్ ఎత్తేసిండ్రు గాని గోలీలకు వచ్చేటోళ్ళు తగ్గలే. ఇప్పుడైతే పద్దెనిమిది ఇరవై ఏండ్ల పిల్లలు పొద్దుగూకంగ వచ్చి పైసలు కౌంటర్ మీద పెట్టి ఏం మాట్లాడకుండ నిలబడ్తరు, మామ కింది డ్రాయర్లకెల్లి పత్తా (గోలీల స్ట్రిప్) తీసి కాగితంల సుట్టి ఇస్తడు.

ఒకసారి రెండ్రోజులు స్టాక్ రాలేదట. చంద్రపూర్ మే నెల ఎండ ఎట్లుంటదో తెల్సు గదా, ఆ ఎండల ఒక పిల్లగాడు షాపు మెట్ల మీద ముడుచుకొని కూసున్నడు, ముక్కు కారుతుంది, ఆవులింత మీద ఆవులింత, చేతుల మీద ఎంట్రుకలు చలికి లేచినట్టు లేచినయ్. "అన్నా ఒక్కటంటే ఒక్కటియ్యే" అని కాళ్ళు పట్టుకున్నడట. అది చూసినంక నిద్ర పడ్తలేదని రాసిండు.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. పక్కింటి అత్తకు ఒక్కడే కొడుకు, ఇరవై రెండేండ్లు, బొగ్గు డిపోల కాంట్రాక్ట్ పని. వాడు రోజుకు పది పన్నెండు గోలీలు మింగుతడు, ఈ షాపుకెల్లే తీస్కపోతడు. పోయిన నెల బస్టాండ్ల ఫిట్స్ వచ్చి పడిపోయిండు, నలుగురు కలిసి చేతుల తాళంచెవులు పెట్టిండ్రు, ఇంట్లోళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించిండ్రు. ఆ అత్త షాపుకు వచ్చి "బిడ్డా నువ్వు మందులోనివి గదా, ఫిట్స్ కు మంచి గోలీ ఏదన్న ఉంటే ఇయ్యి" అన్నదట. "నేను తలకాయ దించుకొని విటమిన్ గోలీలు ఇచ్చి పంపిన అక్కా" అని రాసిండు. పోయినేడు అదే గల్లీల ఇంకో పిల్లగాడు రాత్రి పడుకొని పొద్దున లేవలేదు, హార్ట్ ఫెయిల్ అన్నరు, దాని ముందు సాయంత్రం వాడు రెండు పత్తాలు తీస్కపోయింది, చేతుల బీరు సీసా ఉన్నది ఇతను చూసిండు.

ఇగ ప్రశ్నలు. మామ మీద కంప్లైంట్ చెయ్యాల్నా, నౌకరీ ఇడిసిపెట్టి పోవాల్నా, అత్తకు నిజం చెప్తే బస్తీల నన్ను బతకనిస్తరా. అమ్మనేమో తిన్నింటి వాసాలు లెక్కపెడ్తవారా అని ఏడుస్తుందట.

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. పదహారేండ్లు నేను డీ-అడిక్షన్ వార్డుల కౌన్సిలర్ గ పన్జేసిన, గిట్లాంటి పిల్లల్ని మస్తుమందిని చూసిన, వాళ్ళ తల్లుల్ని చూసిన, గాని కౌంటర్ అవతలి దిక్కునుంచి ఒక్కరు గూడ నాకు ఇంత నిజంగ రాయలే. నీ తప్పు లేదు అని నేను అనలేను, అంటే నువ్వే నమ్మవు. అంతా నీవల్లనే అని గూడ అనను. ఇప్పుడు నీ చేతుల ఉన్నదేందో చూద్దాం, అది చిన్నదేం గాదు.

నువ్వు మూడు ముచ్చట్లు ఒక్కదాంట్ల కలిపేసినవ్. మామ యాపారం ఒకటి, నీ సర్టిఫికెట్ ఒకటి, ఆ అత్త కొడుకు పానం ఒకటి. మొదటి రెంటికి వారం పది రోజులు ఆలోచించుకునే టైముంది. మూడోదానికి లేదు. అందుకే దాంతోనే షురూ చేస్తున్న.

ఆ పిల్లగానికి వచ్చింది గాలి సోకుడు గాదు, ఊరికే వచ్చిన ఫిట్స్ గూడ గాకపోవచ్చు. ట్రమడాల్ మిగిలిన నొప్పి మందుల లెక్క కాదు, అది మెదడుల సెరొటోనిన్ అనే రసాయనం మీద గూడ పన్జేస్తది, మోతాదు మించితే ఫిట్స్ వస్తయి, నువ్వు చదివినోనివే నీకు తెల్సు. మామూలుగ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. యాభై మిల్లీగ్రాముల గోలీలు పన్నెండంటే ఆరువందలు. మల్లొకసారి పడితే బస్టాండ్లనే పడ్తడని ఏముంది, డిపోల లారీ ముంగట పడొచ్చు, బాయి గట్టు మీద పడొచ్చు. ఈ సంగతి బస్తీల తెల్సింది నీకొక్కనికే, ఆ తల్లి నీ దగ్గరికే వచ్చి అడిగింది. విటమిన్ గోలీలు ఇచ్చినందుకు నువ్వు ఏడ్సుడు కన్నా, పోయి ఆమెకు అసలు సంగతి చెప్పుడు మేలు.

ఎట్ల చెప్పాలె అంటవా. షాపుల గాదు, నలుగురి ముంగట గాదు. పొద్దున కొడుకు పనికి పోయినంక ఇంటికి పో, కూసో, ఆమె ఇచ్చిన చాయ్ తాగు. "అత్తా, తమ్మునికి ఫిట్స్ వచ్చేది నొప్పుల గోలీలు ఎక్కువ మింగుడు వల్ల, అవి మా షాపుకెల్లే వస్తున్నయ్, నేను ముందుగాల్నే చెప్పకపోవుడు నా తప్పు, దవాఖానకు నేను వెంబడి వస్త" అను. ఈ నాలుగు ముక్కలు చాలు. తిడ్తది, నీ అమ్మను గూడ తిడ్తది, బస్తీల అరుస్తది గావచ్చు. నేను చూసినకాడికి మాత్రం చాలామంది తల్లులు అరిచి అరిచి ఆఖరికి అడిగేది ఒక్కటే, "ఇప్పుడేం జెయ్యాలె బిడ్డా" అని. ఆ మాట అడిగే యాళ్ళకు నువ్వు అక్కడ ఉండాలె.

నువ్వు చెప్పకపోతే ఏమైతదో గూడ చెప్త. ఇవ్వాల్నో రేపో కొడుకు జేబుల పత్తా దొరుకుతది, అప్పుడు ఇంట్లోళ్ళు కొడ్తరు, రూంల పెట్టి తాళమేస్తరు, కొంతమందైతే గొలుసు కడ్తరు, నా కండ్లతోటి చూసిన. ఇది అస్సలు చెయ్యనియ్యకు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం నషా జబ్బును గూడ జబ్బుగనే లెక్కగట్టింది, గొలుసులు కట్టుడు ఆ చట్టంల నిషేధం. చట్టం సంగతి పక్కకు పెట్టినా ఒక్కసారిగ బంద్ చేస్తే మూడు నాలుగు రోజులు నరకమే, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవుడు, కాళ్ళు తన్నుకొనుడు, ట్రమడాల్ల అయితే దాని మీంచి భయం, గుండె దడ. వారం పది రోజులకు తగ్గుతది. అసలు ప్రమాదం తగ్గినంకనే ఉంది. రెండు మూడు వారాలు మానిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు, వాడేమో పాత లెక్కలనే పదో పన్నెండో ఒక్కసారి మింగుతడు, మీంచి దారు, లేకపోతే నిద్రగోలీ, ఊపిరి ఆడుడు ఆగిపోతది. నువ్వు రాసిన ఆ రెండో పిల్లగాని సంగతి నేను ఇంత దూరం నుంచి చెప్పలేను గాని, గోలీల మీద దారు తాగి పడుకొని లేవని పిల్లలు హార్ట్ ఫెయిల్ లెక్కలనే కల్సిపోతరు, ఎవ్వరు ఎంచరు.

ఇది ఇంట్లోళ్ళకు నేర్పు, బస్తీల పిల్లలకు గూడ నేర్పు. ఫిట్స్ వస్తే చేతుల తాళంచెవులు, ఇనుము పెట్టొద్దు, నోట్ల చెంచా పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు, పక్కకు తిప్పి పండబెట్టాలె, చుట్టు రాళ్ళు రప్పలు జరపాలె, ఐదు నిమిషాలు దాటితే 108. పడుకున్నోడు గురక వింతగ కొడ్తుండి, లేపితే లేస్తలేడు, పెదాలు నీలంగ అయినయ్ అంటే అప్పుడు తెల్లారేదాక ఆగొద్దు, అప్పుడే 108, ఏం మింగిండో దాచకుండ చెప్పాలె, దవాఖానల నాలోక్సోన్ అని సూది ఉంటది, టైముకు పడితే ఊపిరి తిరిగొస్తది.

వైద్యం ఉంది తమ్ముడూ, బాగనే ఉంది. చంద్రపూర్ల గవర్నమెంట్ మెడికల్ కాలేజ్ దవాఖాన ఉంది, అక్కడ మానసిక విభాగం ఓపీకి తీస్కపోండ్రి, అక్కడ కాకపోతే నాగపూర్ల గవర్నమెంట్ మెడికల్ ఉంది, ఎయిమ్స్ ఉంది. డాక్టర్ చూసి మెల్లమెల్లగ తగ్గిస్తరు, అవసరం అనుకుంటే బుప్రెనార్ఫిన్ అని నాలుక కింద పెట్టుకునే గోలీ మీద కొన్ని నెలలు పెడ్తరు. ఇది ఒక నషా తీసి ఇంకో నషా పెట్టుడే గదా అని చుట్టాలు అంటరు, వాళ్ళ మాట పట్టుకోకు. ఆ గోలీ మీద ఉన్న పిల్లలు డ్యూటీకి పోతరు, ఇంటికి పైసలిస్తరు, ముఖ్యంగ బతికుంటరు. మధ్యల మల్ల ఒకసారి జారుతడు గావచ్చు, జారిన దినం ఇంట్లకు రానియ్యకపోవుడు కాదు, మల్ల ఓపీకి తీస్కపోవాలె. అత్తకు పోలీసు భయం ఉంటది. నషాకు బానిసైనోడు తనంత తాను గవర్నమెంట్ గుర్తించిన దవాఖానకు వచ్చి వైద్యం తీసుకుంటే కేసు నడవకుండ నషా మందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలనే 64ఏ సెక్షన్ ఉంది, ఇది అమ్మేటోళ్ళకు గాదు, బానిసైనోళ్ళకు. ఆమెకు ఫోన్ల మాట్లాడాలని ఉంటే 14416 టెలీ మానస్ అనే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ల తెలుగుల గూడ మాట్లాడ్తరు, నషా కోసమని 14446 గూడ ఉంది.

ఇప్పుడు నీ సర్టిఫికెట్. మామను నువ్వు చూసే చూపుల ప్రేమ ఉంది, ఉండాలె, సాదినోడు. గాని ఆ ఫ్రేం కట్టిన కాగితం ఎవరిదో ఒకసారి ఆలోచించు. ట్రమడాల్ 2014 సంది షెడ్యూల్ హెచ్1 మందు, పర్చీ చూడాలె, డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చినం అనేది వేరే రిజిస్టర్ల రాయాలె, మూడేండ్లు దాయాలె. 2018 ఏప్రిల్ నుంచి అది ఎన్‌డీపీఎస్ కిందికి గూడ వచ్చింది, పత్తా మీద ఎర్రగ ఎన్ఆర్ఎక్స్ అని అందుకే ఉంటది. రేపు రెయిడ్ అయితే రిజిస్టర్ ఎవ్వరిని అడుగుతరు? నిన్ను. లైసెన్స్ రద్దుతోటి ఆగేది గాదు, దొరికిన క్వాంటిటీని బట్టి పదేండ్లు, ఇంకా ఎక్కువైతే ఇరవై ఏండ్ల దాక ఉంది జైలు. నిన్ను భయపెడ్తున్న అనుకోకు, మామ ఈ మాట నీకు ఎప్పుడు చెప్పి ఉండడు కాబట్టి నేను చెప్తున్న.

నీ ముంగట ఉన్న దార్లల్ల మొదటిది మామతోటి మాట్లాడుడు. షాపుల గాదు, మీ అమ్మను గూడ కూసోబెట్టి ఇంట్ల. "రేపటి సంది పర్చీ లేకుండ ఒక్క పత్తా పోదు, రిజిస్టర్ నేనే రాస్త, లేకపోతే నా సర్టిఫికెట్ గోడమీద ఉండదు" అని చెప్పు. ఈ ఒక్క మాటకు బలముంది, ఎందుకంటే ఫార్మసిస్ట్ లేకుండ ఆ షాపు నడవొద్దు. మామ మొదలు కోపం చేస్తడు, నిన్ను సాదింది దీనికేనా అంటడు, కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. గాని మామ అసొంటోళ్ళు కొంతమంది నిజంగ భయపడి మారిండ్రు, వాళ్ళకు ఎవ్వరు ఇంట్లకెల్లి అడ్డం రాలేదు, అందుకే నడిచింది. ఒప్పుకున్నడంటే ఆ రోజు నుంచి నువ్వు మెత్తబడొద్దు, ఒకనికి ఒక పత్తా ఇచ్చినవంటే పదిమంది వస్తరు.

రెండోది నౌకరీ ఇడిసిపెట్టుడు. పోతే ఉత్తగ పోకు, ఫలానా తారీఖు నుంచి నేను ఆ షాపుల పన్జేస్తలేను అని మందుల షాపులను తనిఖీ చేసే ఎఫ్‌డీఏ ఆఫీసుల, ఫార్మసీ కౌన్సిల్ల రాసిచ్చి రసీదు తీస్కో, లేకపోతే నువ్వు హైదరాబాద్ల ఉన్నా నీ కాగితం ఇక్కడ గోడ మీద యాపారం చేస్తనే ఉంటది. నీ మెడ తప్పుతది. గాని మామ ఇంకొకని సర్టిఫికెట్ కిరాయికి తెచ్చుకుంటడు, ఆ డ్రాయర్ గట్లనే తెరుసుకొని ఉంటది, అది గూడ తెల్సుకొనే పో.

మూడోది కంప్లైంట్. ఎఫ్‌డీఏల డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కు ఇయ్యొచ్చు, నషా మందుల అమ్మకం మీద ఫిర్యాదులకున్న 1933 హెల్ప్‌లైన్ కు పేరు చెప్పకుండ గూడ చెప్పొచ్చు. దీనితోటి అమ్ముడు గట్టిగ ఆగుతది. గాని నువ్వు పన్జేసిన ఎనిమిదేండ్ల రికార్డుల నీ పేరు ఉంది, నువ్వు గూడ ఇరుక్కుంటవ్. ఈ దారి పట్టాలంటే ముందుగాల ఒక వకీల్ ను కల్వు, పైసలు లేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ ఆఫీసుల ఉచిత సలహా ఉంటది, 15100 కు ఫోన్ చేస్తే దారి చెప్తరు. ఇంట్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, మీ అమ్మ తన తమ్ముని దిక్కు నిలబడొచ్చు.

నేనైతే మొదటిది చేసి, మామ వినకపోతే పదిహేను రోజుల్ల రెండోది చేసి, అప్పటికీ ఆగకపోతే మూడోది అంట. గాని ఇది నీ ఇల్లు, నీ అమ్మ, బరువు మోసేది నువ్వు. మీ అమ్మ మాటకు మాత్రం నా జవాబు ఇది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడు తప్పే, ఒప్పుకుంట, గాని ఆ ఇంటికే నిప్పు అంటుకుంటుంటే వాసం ఎక్కి నీళ్ళు పొయ్యాల్నా వద్దా అని ఆమెనే అడుగు.

ఏ దారి పట్టినా ఒక్క మాట గట్టిగ పట్టుకో. అమ్ముడు బంద్ అయ్యే దినం, పిల్లలు దవాఖానకు పోయే దినం దగ్గర దగ్గరగ ఉండాలె. ఊకె షట్టర్ ఏసేస్తే మెట్ల మీద ముడుచుకున్న పిల్లగాని లెక్క ముప్పై మంది అయితరు, రైలెక్కి ఇంకో ఊరికి పోయి తెచ్చుకుంటరు, లేకపోతే ఇంజక్షన్లకు పోతరు, ఒక్క సూది పదిమందికి తిరిగితే ఏమైతదో నీకు చెప్పక్కర్లేదు. రోజు వచ్చే పిల్లల మొఖాలు నీకు తెల్సు, పేర్లు తెల్సు. పర్చీ లేకుండ ఇయ్యను అని చెప్పేటప్పుడు తిట్టకుండ దవాఖాన ఓపీ రోజు, టైము కాగితం మీద రాసి చేతుల పెట్టు, "నేను గూడ వస్త" అను. పదిమందికిస్తే ఇద్దరు వస్తరు, ఆ ఇద్దర్ని చూసి ఇంకిద్దరు వస్తరు.

ఇంకో సంగతి, నడుం నొప్పితోటి వచ్చే లోడింగ్ కాకలను ఒక్కసారే తరిమెయ్యకు. వాళ్ళ నొప్పి అబద్ధం కాదు. మందు దయ్యం గాదు, క్యాన్సర్ తోటి అరిచేటోళ్ళకు మార్ఫిన్ సక్కగ అందాలనే 2014ల గవర్నమెంట్ చట్టాన్నే మార్చింది. వాళ్ళను పర్చీ కోసం డాక్టర్ దగ్గరికి పంపు, ఏండ్ల సంది మింగేటోళ్ళకు గూడ తగ్గించుడు డాక్టర్ చేతుల్నే కావాలె. అమెరికాల వెస్ట్ వర్జీనియా గూడ మన లెక్కనే బొగ్గు ఖదాన్ల రాష్ట్రం. 1996ల ఆక్సీకాంటిన్ అనే నొప్పి గోలీ బజార్ల దిగినంక, నడుములు ఇరిగిన కూలోళ్ళకు డాక్టర్లు రాసిచ్చి, దుకాణాలు అమ్మి, గోలీలు ఇండ్లల్ల పిల్లల దాక పోయి, ఆ దేశంల అందరికంటే ఎక్కువ పానాలు పోయిన రాష్ట్రాలల్ల ఒకటైంది. అక్కడ గూడ మొదలు నొప్పికే ఇచ్చిండ్రు. మన దేశంల 2019ల ఎయిమ్స్ చేసిన సర్వేల 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు (నల్లమందు జాతి మందులు) వాడ్తున్నట్టు తేలింది, దాంట్ల నల్లమందు, హెరాయిన్ తోటి పాటు ఈ దుకాణం గోలీలు గూడ ఉన్నయ్. మీ బస్తీ ఒక్కదాన్నే పాపం పట్టింది అనుకోకు, సిగ్గుతోటి దాచుకోకు.

ఆ బస్తీ పిల్లలకు పిల్లనియ్యొద్దు అని చుట్టుపక్క ఊర్లల్ల అనుకుంటున్నరని రాసినవ్, అది చదివి నాకు మస్తు బాధ అయింది. పత్తాలు ఎవరు అమ్మిండ్రో అడగకుండ మింగినోళ్ళ ఇంటి ఆడపిల్లలకు గూడ సంబంధాలు ఆపుతున్నరు. అందుకే గణేష్ మండలి పెద్దమనుషులు, అంగన్‌వాడీ అక్క, ఆశా అక్క, వీళ్ళల్ల నీకు నమ్మకం ఉన్న ఒక్కరికి ముందుగాల చెప్పుకో. ఒక్కనివే మొయ్యకు.

అత్త ఇంటికి సోమవారం దాక ఆగకు, రేపే పో. ఓపీకి పోయేటప్పుడు పిల్లగాడు మింగే గోలీల ఖాళీ పత్తాలు రెండు మూడు సంచిల ఏసుకొమ్మను, రోజుకు ఎన్ని, ఎప్పట్నుంచి, దాని మీద దారు గాని నిద్రగోలీ గాని ఉందా, ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చినయ్ అనేది ఒక కాగితం మీద నువ్వే రాసియ్యి, ఆమె భయంల మర్చిపోతది. ఆ విటమిన్ గోలీలు ఇంకా వాడ్తుంటే అవి ఏందో గూడ చెప్పు. డాక్టర్ ఏమన్నడో నాకు మల్ల రాయి తమ్ముడూ.